మాట్లాడుతూ ఉండు

ఈ ఏడు బద్రి భుజాలు బాన మూతిలో పట్టలేదు.
ఒకసారి ప్రయత్నించాడు, నవ్వాడు,
చొక్కా మళ్ళీ తొడుక్కున్నాడు.
కాఖేతిలో సెప్టెంబరు. ద్రాక్ష కోతకి ఇంకా తొమ్మిది రోజులు.
మెడదాకా నేలలో పాతిన మట్టి బాన,
వాళ్ళ ముత్తాత పాతించింది,
నిరుటి వైను ఖాళీ చేసుకుని
నోరు తెరుచుకుని మాకేసి చూస్తోంది.

ఎవరో ఒకరు దిగాలి.
చెర్రీ బెరడు కుంచెతో లోపలి గోడలు తోమాలి.
పదకొండేళ్ళ నూత్సా అప్పటికే చెప్పులు విప్పేసింది.

ముందు కొవ్వొత్తి.
ఈస్టరు నాడు గుడి నుంచి తెచ్చి
అత్తగారు ఉప్పు డబ్బా వెనక దాచింది.
దారానికి కట్టి మెల్లగా దించాం.
లోపల మంట కొండెక్కితే గాలి చెడ్డదని లెక్క,
ఇక ఎవరూ దిగకూడదు.
బద్రి తమ్ముడు ఓతియా, పంతొమ్మిదేళ్ళవాడు,
ఒక పొద్దున కొవ్వొత్తి మరిచిపోయి దిగాడు.
అంతకు మించి ఈ ఇంట్లో ఎవరూ చెప్పుకోరు.

మంట సన్నగా వణికింది. నిలబడింది.
అత్తగారు లమారా మూడుసార్లు శిలువ గీసుకుంది.
నేను గీసుకోలేదు.
కాపురానికొచ్చి పదిహేడేళ్ళయినా
నా చెయ్యి ఆ దారి నేర్చుకోలేదు.
మా నాన్న రైల్వే మెకానిక్కు,
దేవుడి మాటెత్తితే స్పానరు వెతుక్కునేవాడు.

పిల్ల దిగింది. ముందు మోకాళ్ళు, తర్వాత నడుం,
తర్వాత ఎర్ర రిబ్బను.
తర్వాత చీకటి.

"మాట్లాడుతూ ఉండు" అన్నాడు బద్రి
నేలమీద బోర్లా పడుకుని.
ఆ ఒక్కటే షరతు.

నూత్సా మాట్లాడింది.
లెక్కల టీచరమ్మ మీసం గురించి,
పేరు పెట్టి పిలిస్తే తప్ప కదలని పక్కింటి గాడిద గురించి,
పుట్టినరోజుకి కుక్కపిల్ల తప్ప ఇంకేదీ వద్దని,
లోపల గోడ తడిసిన పిల్లి వీపులా ఉందని.
బాన ఆ గొంతుని గుండ్రంగా తిప్పి తిప్పి
ముసలిదాన్ని చేసి పైకి పంపింది.
లమారా ఉలిక్కిపడింది.
అచ్చం వాళ్ళమ్మ గొంతేనట.

మధ్యలో మాట ఆగింది.

నేను అక్రోట్లు వలుస్తున్నాను, వేళ్ళన్నీ నల్లగా.
ఒక్క క్షణమో, మూడో.
బద్రి వీపు బిగుసుకుంది.
అత్తగారి పెదవులు ఆడడం మానేశాయి.
కాయ నా గుప్పిట్లోనే ఉండిపోయింది.
అప్పుడు నా లోపల్నించి ఎవరో
"ఉండనీ" అన్నారు.
ఏ పేరూ పెట్టి పిలవలేదు.
అడ్రసు రాయని ఉత్తరం.

బానలోంచి తుమ్ము.
ఆ తర్వాత,
"నాన్నా, ఇక్కడ ఎవరిదో వేలిముద్ర ఉంది.
మట్టి పచ్చిగా ఉన్నప్పుడు నొక్కినట్టున్నారు.
నా వేలు సరిగ్గా పట్టింది."

బద్రి నవ్వాడో ఏడ్చాడో,
మొహం నేలకేసి ఉంది, నాకు తెలీదు.

మధ్యాహ్నం పొయ్యి గోడనుంచి తీసిన వేడి రొట్టె,
జున్ను, ఉప్పు చల్లిన టమాటాలు.
నూత్సా జుట్టునిండా పాత వైను వాసన.
లమారా ఒక ముక్క వైనులో ముంచి
ఓతియా కోసం పక్కన పెట్టింది.
ఈసారి కొవ్వొత్తిని నేనే తుడిచి
ఉప్పు డబ్బా వెనక పెట్టాను.
నా నల్ల వేళ్ళ మరకలు దానిమీద పడ్డాయి.
అత్తగారు చూసింది. ఏమీ అనలేదు.
నాకు ఇంకో టమాటా వడ్డించింది.

రాత్రి అందరూ పడుకున్నాక
చీకట్లో కళ్ళు తెరుచుకుని
పెదవులు కదిపాను.
ప్రార్థన అనను దాన్ని. నాకు రాదు.
అక్రోట్లు మూడు బస్తాలయ్యాయని చెప్పాను.
వంటింటి పైన ఒక పెంకు జారిందని,
బద్రికి మోకాలి నొప్పి తగ్గిందని,
పొద్దున మంట నిలబడిందని.
నూత్సాకి బూట్లు ఒక సైజు పెద్దవి కొనాలని,
వచ్చే ఏటికి
దాని భుజాలు కూడా పట్టవేమోనని.